వెండి సెమ్మెలు ఇచ్చినవాడు



లండను పట్టణములో ఒకే కథను 40 ఏండ్లుగా పాడుచున్నారు. పాత్రధారులు మారిరి, నాటకశాలలు మారినవి, తెరలు మారినవి. కథ మాత్రము మారలేదు. రొట్టె దొంగిలించి చెరసాల పాలైన ఒక కూలివాడు, వానిని జీవితమంతయు వెంటాడిన ఒక పోలీసు అధికారి, ఆ కూలివాని చేతిలో ఒక బిషప్పుగారు పెట్టిన రెండు వెండి దీపపు సెమ్మెలు, ఇదియే ఆ కథ. దాని పేరు 'లే మిజరాబ్ల్'. ఫ్రెంచి భాషలో ఆ మాటకు దౌర్భాగ్యులు, దిక్కులేనివారు అని అర్థము. విక్టర్ హ్యూగో అను ఫ్రెంచి రచయిత 1862లో ప్రకటించిన పెద్ద నవలకు ఇది సంగీత నాటకరూపము.

తెలుగువారికి ఈ కథ బొత్తిగా క్రొత్తది కాదు. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన 'బీదల పాట్లు' అను చలనచిత్రము ఈ నవలనుండి పుట్టినదే. సెమ్మెల ఘట్టమును మాత్రము తీసికొని నార్మన్ మెకిన్నెల్ వ్రాసిన చిన్న నాటికను ఇంగ్లీషు పాఠముగా చదివినవారు మన సంఘములలోనే అనేకులున్నారు.

ఈ సంగీత నాటకమును నేను చూచితిని. అందులో నాకు నచ్చినవి చాల గలవు; నచ్చనిది ఒక్కటే గలదు. ఆ ఒక్కటి చిన్నది కాదు గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

"పాస్టరుగారికి నాటకములతో ఏమి పని?" అని అడుగు పెద్దలు మనలో ఉన్నారు. వారి భయము అకారణమైనది కాదు. జాతర నాటకములకు పోయి, రాత్రులు మేల్కొని, కూలి డబ్బు పోగొట్టుకొని, ఇంటికి తగవులు తెచ్చుకొనినవారిని వారు ఎరుగుదురు. అయినను క్రిస్మసు రాత్రి గుడి ముంగిట దుప్పట్లు తెరగా కట్టి, గొఱ్ఱెల కాపరుల వేషము వేసిన పిల్లలను చూచి కన్నులు తుడుచుకొనువారును ఆ పెద్దలే. సువార్తను బుఱ్ఱకథగా చెప్పించినప్పుడు చాపలు చాలక నిలువబడి విన్నవారును వారే. పాటతో కలిసిన కథ హృదయములోనికి ఎంత లోతుగా దిగునో మనకు తెలియును. అంత లోతుగా దిగునది గనుకనే, దానిని పరీక్షించి పుచ్చుకొనుట అవసరము.

మా పాస్టరేటులో పెరిగి, నర్సు చదువు చదివి, లండనులో ఒక ఆస్పత్రియందు పనిచేయుచున్న అమ్మాయి యొకతె గలదు. ఒక సభ నిమిత్తము నేను ఆ పట్టణమునకు వెళ్లినప్పుడు ఆమె తన సెలవు దినమున వచ్చి, "అయ్యగారూ, మీరిది చూడాలి. ఇందులో మన ప్రసంగాలకు పనికివచ్చే సంగతి ఉంది" అని చెప్పి నన్ను తోడుకొనిపోయెను. పై అంతస్తులో, తక్కువ వెల స్థలములలో మేము కూర్చుంటిమి. తక్కువ వెల అన్న మాటే గాని, మా ఊరి వ్యవసాయ కూలీకి అది అనేక దినముల కూలి. నాటకము పేరు దిక్కులేనివారిది. చూచుటకు మాత్రము కొంత దిక్కు ఉన్నవారే రావలెను. శాల చుట్టునున్న వీధులలో మూసిన అంగళ్ల గుమ్మములయందు దుప్పటి కప్పుకొని పండుకొనినవారిని దాటుకొనియే మేము లోపలికి పోయితిమి.

ఆ శాల షాఫ్ట్స్‌బరీ వీధిలో ఉన్నది. అది 1907లో తెరవబడినది. రెండవ ప్రపంచ యుద్ధములో 1940వ సంవత్సరమున బాంబు దెబ్బకు పాడుపడి, మరల 1959లో తెరచుకొనినది. సుమారు 1,100 మంది కూర్చుండవచ్చును. మొదట దానికి క్వీన్స్ నాటకశాల అని పేరు; 2019లో సోండ్‌హైమ్ నాటకశాల అని మార్చిరి.

ఈ సంగీత రూపము మొదట 1980లో పారిస్ నగరమున ఫ్రెంచి భాషలో ప్రదర్శింపబడెను. సంగీతము క్లోద్-మిషెల్ షోన్‌బర్గ్ కూర్చెను; పాటలు అలేన్ బూబ్లిల్, జాన్-మార్క్ నటెల్ వ్రాసిరి. కామెరన్ మెకింటాష్ అను నిర్మాత దానిని లండనుకు తెచ్చి, హెర్బర్ట్ క్రెట్జ్‌మర్ చేత ఇంగ్లీషు పాటలు వ్రాయించి, రాయల్ షేక్‌స్పియర్ నాటక సమాజముతో కలిసి 1985 అక్టోబరు 8న బార్బికన్ శాలలో ప్రారంభించెను. పత్రికా విమర్శకులు అనేకులు దానిని మెచ్చలేదు. జనము మాత్రము టిక్కెట్టు కిటికీ యొద్ద బారులు తీరిరి. ఆ డిశెంబరులోనే అది పాలెస్ నాటకశాలకు, 2004లో ఇప్పటి శాలకు మారెను. 2020లో కరోనా వ్యాధి మూలముగా అన్ని శాలలతోపాటు ఇదియు మూతపడి, తరువాత మరల తెరచుకొనినది. లండను నగరములో ఇంతకాలము ఆడిన సంగీత నాటకము మరియొకటి లేదు.

నేను చూచినది 2019 చివర వచ్చిన క్రొత్త రూపము. అంతకుముందు రంగస్థలము గుండ్రముగా తిరుగుచుండెడిది. దానిని తీసివేసి, హ్యూగో తానే వేసిన చిత్రముల ధోరణిలో వెనుక తెరలు అమర్చిరి. హ్యూగో కలము పట్టిన చేతితోనే చీకటి, మేఘము, పాత కోటలు బొమ్మలుగా వేసినవాడు. ఆ నల్లని తెరల ముందు ఒక్క దీపము వెలిగినను కన్ను అటే పోవును.

కథ క్లుప్తముగా ఇది. జాన్ వాల్జాన్ అను బీదవాడు తన అక్క పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలించి 5 ఏండ్ల శిక్ష పొందెను. పారిపోజూచినందుకు మరి 14 ఏండ్లు కలిసెను. 19 ఏండ్ల పిమ్మట 1815లో పసుపుపచ్చ కాగితముతో విడుదలయ్యెను. ఆ కాగితము చూచిన ఏ పూటకూళ్ల ఇంటివారును వానిని లోపలికి రానీయరు. ఒక బిషప్పుగారు మాత్రము అన్నము పెట్టి పరుపు పరచెను. వాడు రాత్రివేళ ఆయన వెండి సామాను దొంగిలించి పారిపోయెను. పోలీసువారు పట్టి తెచ్చినప్పుడు, అది తాను ఇచ్చినదే అని బిషప్పుగారు చెప్పి, రెండు సెమ్మెలు కూడ వాని సంచిలో పెట్టెను. అక్కడనుండి వాల్జాన్ జీవితము మారెను. అతడు మారుపేరుతో కర్మాగారపు యజమానుడై, నగరాధ్యక్షుడై, చనిపోయిన ఫాంటీన్ అను దీనురాలి బిడ్డ కోసెట్‌ను తన బిడ్డగా పెంచెను. జావేర్ అను పోలీసు అధికారి వాని వెనుకనే వచ్చుచుండెను. 1832 జూన్‌లో పారిస్ విద్యార్థులు వీధులకు అడ్డుకట్టలు కట్టి తిరుగుబాటు చేసిరి. అక్కడ వాల్జాన్ తన శత్రువైన జావేరును చంపగలిగియు విడిచిపెట్టెను. కోసెట్ ప్రేమించిన మారియస్‌ను భుజమున వేసికొని మురికి కాలువలగుండ మోసి బ్రదికించెను.

ఇక నాకు నచ్చినవి చెప్పెదను.

ఈ నాటకములో ఉత్త మాటలు చాల తక్కువ. మన వీధి భాగవతమువలె దాదాపు అంతయు పాటయే. తక్కువ రాగములనే తీసికొని, ఒకరి నోటి రాగమును మరియొకరి నోట పెట్టి, ఆ విధముగానే సంగీతకర్త తన భావమును చెప్పుచున్నాడు. ఆరంభమున సంకెళ్లతో ఉన్న ఖైదీలు ఒక రాగము పాడుదురు. ఎన్నో ఏండ్ల తరువాత పారిస్ వీధిలో బిచ్చగాండ్రు ప్రవేశించినప్పుడు అదే రాగము వినబడును. చెరసాలలో ఉన్న దారిద్ర్యమును వీధిలో ఉన్న దారిద్ర్యమును ఒకటే అని ఎవ్వరును ఉపన్యాసము చెప్పరు, చెవియే చెప్పును.

అంతకంటె గొప్ప సంగతి ఇంకొకటి గలదు. బిషప్పుగారు సెమ్మెలిచ్చి పంపిన తరువాత వాల్జాన్ ఒంటరిగా నిలిచి, తన లోపల జరుగుచున్న యుద్ధమును పాడును. చాల సేపటికి, వాల్జాన్ చేత క్షమింపబడిన జావేర్ సేన్ నది వంతెనమీద ఒంటరిగా నిలిచి, తన లోపల జరుగుచున్న యుద్ధమును పాడును. రెండింటికిని రాగము ఒకటే. ఇద్దరును అర్హత లేకుండ దయ పొందిరి. మొదటివాడు తన పాత పేరును చంపుకొని బ్రదికెను. రెండవవాడు తన పాత లెక్కను విడువలేక నదిలో దుమికెను. కృప ఒకనికి జీవార్థమైన వాసనగాను మరియొకనికి మరణార్థమైన వాసనగాను ఉండుటను గురించి మనము ఎన్నో ప్రసంగములు చేసితిమి. ఒకే రాగమును రెండుసార్లు వినిపించి ఈ సంగీతకర్త ఆ ప్రసంగము చేసెను.

జావేరును దుష్టునిగా చూపకపోవుట కూడ మెచ్చదగినది. అతడు లంచము తీసికొనడు, అబద్ధమాడడు. నక్షత్రములు తమ స్థానము తప్పనట్లు మనుష్యుడును తప్పకూడదని ఆకాశము వైపు చూచి దేవునికి ప్రమాణము చేయును. అతడు చెరసాలలోనే పుట్టినవాడు. ఆ చోటికి మరల జారిపోవుదునేమో అను భయమే అతని భక్తిగా మారెను. తప్పిపోయిన కుమారుని ఉపమానములో ఇంటిలోనికి రాక వెలుపల నిలిచిన పెద్ద కుమారునికి తెలుగులో, ఇంగ్లీషులో, ఏ భాషలోనైనను పాట వ్రాయవలసివచ్చిన అది జావేర్ పాటవంటిదే యగును. మన సంఘములలో ఈ పాట పాడువారు తక్కువగా లేరు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండువారిలోనే వారెక్కువ.

అడ్డుకట్ట యొద్ద రాత్రివేళ వాల్జాన్ చేయు ప్రార్థన మూడవది. నిద్రించుచున్న మారియస్‌ను చూచి, వీనిని ఇంటికి చేర్చుము, చావవలసివచ్చిన నన్ను చావనిమ్ము అని అతడు వేడుకొనును. ఆ పాటను గట్టిగా పాడరు. సన్నని పై స్వరమున, ఊపిరి బిగబట్టి పాడుదురు. 1,100 మంది గల శాలలో దగ్గు కూడ వినబడలేదు. పాట ముగియగానే శాలంతయు చప్పట్లతో మ్రోగెను. మన గుడిలో ప్రార్థన తరువాత ఆమేన్ అందుము. అక్కడ చప్పట్లు కొట్టుదురు. చప్పట్లు పాటకునిగొంతుకకు చెందినవి. ఆమేన్ అనినవాడు మాత్రము ఆ ప్రార్థనకు తానును బాధ్యుడగును. నాటకశాల మనకు ఇయ్యగలిగినదేదో, ఇయ్యలేనిదేదో ఆ క్షణమున స్పష్టముగా కనబడినది.

నచ్చనిది ఇప్పుడు చెప్పవలెను.

మూడు గంటలకు కొంచెము తక్కువగా సాగు ఈ నాటకములో బిషప్పుగారు రంగస్థలముపై ఉండునది కొద్ది నిమిషములే. తలుపు తెరచును, అన్నము పెట్టును, సెమ్మెలిచ్చును, వెళ్లిపోవును. పోలీసువారు పోయిన వెంటనే వాల్జాన్ ఒక పాట పాడి, తన కాగితమును చింపివేసి, క్రొత్త మనుష్యుడగును. ఆయన యెవరో, ఎందుకు ఇచ్చెనో, ఇచ్చుటకు ఆయనకు ఎట్లు చేతులు వచ్చెనో మనకు తెలియదు. ఆయన ఒక మంచి ముసలివాడు; అంతే.

నవలలో అట్లు కాదు. హ్యూగో తన గ్రంథమును వాల్జానుతో మొదలుపెట్టలేదు. మొదటి 14 అధ్యాయములను మిరియేల్ అను ఆ బిషప్పుగారికే ఇచ్చెను. దొంగ గడపలోనికి రాకముందు, ఆ ఇంటి యజమానుని మనము పూర్తిగా తెలిసికొనవలెనని ఆయన ఉద్దేశము. మిరియేల్‌గారు ఆ పట్టణమునకు వచ్చిన క్రొత్తలోనే, పెద్ద భవనము తమకును ఇరుకు ఇల్లు ఆస్పత్రి రోగులకును ఉండుట చూచి, ఎక్కడనో లెక్క తప్పినదని చెప్పి, భవనమును రోగులకిచ్చి తాము ఆ చిన్న ఇంటిలోనికి మారెను. సాలీనా 15,000 ఫ్రాంకుల జీతములో తమ ఖర్చునకు ఉంచుకొనినది 1,000 ఫ్రాంకులు మాత్రమే. ఇంటి తలుపునకు గడియ లేదు. ఆయన విడువలేకపోయిన సుఖము ఒక్కటే: వెండి చెంచాలతో భోజనము చేయుట. ఆరుగురికి సరిపడు వెండి సామాను, ఒక పెద్ద గరిట, ఒక పూర్వీకురాలినుండి వచ్చిన రెండు సెమ్మెలు, ఇవి మాత్రము ఆయన యొద్ద మిగిలినవి.

ఇప్పుడు చూడుడి, ఆ రాత్రి దొంగ తీసికొనిపోయినది ఏమి? ఆ భక్తుడు లోకములో ఇంకను పట్టుకొనియున్న ఒకే ఒక వస్తువును. తెల్లవారి ఇంటి పనిచేయు వృద్ధురాలు వెండి పోయినదని గోల పెట్టగా, ఆ వెండి బీదలది, ఇంతకాలము దానిని మనయొద్ద ఉంచుకొనుటయే న్యాయము కాదు, వచ్చినవాడు బీదవాడే గదా అని ఆయన నెమ్మదిగా అనును. పోలీసువారు రాకముందే, ఎవరును చూడకముందే, ఆయన క్షమించుట ముగిసినది. సెమ్మెలిచ్చుట దాని తరువాతి మెట్టు. ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా చేయి విప్పుటకు అలవాటుపడినవాడు గనుక ఆ ఉదయమున చేయి సులభముగా విచ్చుకొనినది. నాటకములో మనము చూచునది కొసన కాచిన పండు. వేరు ఎంత దూరము పోయినదో చూపలేదు.

ఇంకొక ఘట్టమును కూడ కత్తిరించిరి. నవలలో వాల్జాన్ సెమ్మెలు పుచ్చుకొనిన దినముననే మరల దొంగతనము చేయును. పొలము దారిలో ఒక చిన్న బాలుడు తన నాణెము ఎగురవేసి ఆడుకొనుచు పోవుచుండగా, అది దొర్లి వాల్జాన్ కాలియొద్దకు వచ్చును. వాడు దానిమీద కాలు మోపి తీయడు. బాలుడు ఏడ్చి ఏడ్చి పారిపోవును. తరువాత కాలు ఎత్తి ఆ నాణెమును చూచినప్పుడు వానికి తాను ఎవరో తెలియును. బాలుని పేరు పెట్టి పొలములన్నియు తిరిగి పిలుచును, జవాబు లేదు. 19 ఏండ్లలో మొదటిసారిగా ఏడ్చును. ఆ రాత్రి తెల్లవారుజామున బిషప్పుగారి గుమ్మము ముందు ఒకడు మోకాళ్లూని యుండుట ఒక బండివాడు చూచెనని హ్యూగో వ్రాయుచున్నాడు. మారుమనస్సు అనగా ఇది. వెండి సామాను పుచ్చుకొనినప్పుడు వాడు ఆశ్చర్యపడెను. నాణెమును చూచినప్పుడు విరిగెను. ఈ రెంటికి నడుమ దూరమున్నది. ఆ దూరమును నాటకము ఒక పాటలో దాటించివేసెను.

నాటకకర్తల పక్షమున చెప్పవలసినది గలదు. అంత పెద్ద నవలను ఒక సాయంకాలములో ఇమిడ్చుటకు ఏదో విడువక తప్పదు. అది ఒప్పుకొందము. అయితే విడువనిదేమో చూడుడి. తెనార్దియే అను పూటకూళ్ల ఇంటివాడు బాటసారులను ఎట్లు మోసగించునో చెప్పు హాస్యపు పాటకు సమృద్ధిగా సమయము దొరకినది. వాడు పెండ్లివిందులో మరల వచ్చి నవ్వించుటకును దొరకినది. నవలలో వీడు యుద్ధభూమిలో చచ్చినవారి జేబులు వెదకినవాడు, చివరకు అమెరికా పోయి బానిసల వ్యాపారము పెట్టినవాడు. వీని దొంగతనమునకు శాలంతయు నవ్వెను. రొట్టె దొంగిలించినవానికి ఏడ్చి, ఇల్లు దోచినవానికి నవ్వుట నాకు రుచింపలేదు. ఆ సమయములో సగము బిషప్పుగారికి ఇచ్చియుండవచ్చును.

అయినను న్యాయముగా ఇంకొక మాట చెప్పెదను. కథను కూర్చినవారు బిషప్పుగారిని మరచినను సంగీతము మరువలేదు. బిషప్పుగారు వాల్జానును లోపలికి పిలుచుచు పాడిన రాగమే, చాల సేపటికి, స్నేహితులందరు చచ్చిపోగా ఖాళీ కుర్చీల నడుమ కూర్చుండి ఏడ్చు మారియస్ నోట వినబడును. ఆ మారియస్ వాల్జాన్ భుజముమీద బ్రదికివచ్చినవాడు. తనను మోసినది ఎవరో కూడ అప్పటికి వానికి తెలియదు. బిషప్పుగారి దయ వాల్జానుగుండ వానియొద్దకు వచ్చినదని ఆ రాగము చెప్పుచున్నది. వినగలిగినవారు విందురు.

ఈ నాటకము 2012లో చలనచిత్రముగా వచ్చినప్పుడు ఒక అందమైన సంగతి జరిగెను. 1985లో లండనులో మొట్టమొదట వాల్జాన్ వేషము వేసిన కోమ్ విల్కిన్‌సన్ ఆ చిత్రములో బిషప్పు వేషము వేసెను. సెమ్మెలు పుచ్చుకొనినవాడు 27 ఏండ్లకు సెమ్మెలు ఇచ్చువాడాయెను. నాటకములో వాల్జాన్ మరణవేళ ఫాంటీన్‌తో కలిసి ఎపోనీన్ అను యువతి ఎదురువచ్చును. చిత్రములో బిషప్పుగారే వేచియుందురు. ఆ మార్పు నాకు నాటకముకంటె సరియైనదిగా తోచుచున్నది. కథ యంతయు ఆయన గుమ్మమునుండి బయలుదేరినది గనుక అక్కడికే చేరుట న్యాయము.

ఇదంతయు మన పల్లె సంఘములకు ఎందుకు అని అడుగవచ్చును. చెప్పెదను.

మా ప్రాంతములో ఒక సంఘము గలదు. ఊరి పేరు చెప్పను. దొంగతనము నేరమున జైలుకు పోయి, శిక్ష ముగించుకొని తిరిగివచ్చిన ఒకడు అక్కడ ప్రతి ఆదివారము కడపటి చాపమీద కూర్చుండును. గుడి గంట కొట్టు వృద్ధుడు చనిపోగా, ఆ పని నాకు ఇయ్యండి అని అతడు పెద్దలను అడిగెను. గంటతో పాటు గుడి తాళపుచెవి ఇయ్యవలెను. లోపల హార్మోనియమున్నది, కానుకల పెట్టె యున్నది. కమిటీ మూడుసార్లు కూడెను. "క్షమించాము గదా, అది చాలదా? తాళంచెవి ఎందుకు?" అని ఒక పెద్ద అనెను. తక్కినవారు తలలూపిరి. విషయము అక్కడనే ఆగియున్నది.

ఆ పెద్దలను నేను నిందించుట లేదు. వారి వాదములో బలమున్నది. కానుకల పెట్టె వారి సొత్తు కాదు. విధవరాండ్రు వేసిన రూపాయలు అందులో ఉన్నవి. బిషప్పుగారు ఇచ్చినది తన వెండిని. ఇతరుల వెండిని కాదు. ఇతరుల సొమ్ముతో దయ చూపుట సులభము, అది దయయు కాదు. ఈ భేదమును నాటకము మనకు నేర్పదు, ఎందుకనగా ఆ వెండి ఆయనకు ఎంత ప్రియమైనదో అది చూపలేదు. నవల నేర్పును. ఒనేసిము నిమిత్తము ఫిలేమోనునకు పౌలు వ్రాసిన పత్రిక కూడ నేర్పును: వాడు బాకీ పడినది నా లెక్కలో వేయుమని పౌలు తన చేతివ్రాతతో పూచీపడెను. ఆ కమిటీలో ఒక్కడు లేచి, "పెట్టెలో ఏదైనా తక్కువపడితే నేను నింపుతాను, నా పేరు రాసుకోండి" అని పలికిన దినమున తాళపుచెవి చేయి మారును. అంతవరకు అది గోడ మేకునకే వ్రేలాడుచుండును. క్షమించితిమి అను మాటకు వెల యేమో అడుగువరకు ఆ మాట పాటవలెనే ఉండును. విని, చప్పట్లు కొట్టి, ఇంటికి పోవచ్చును.

ఈ బిషప్పుగారిని సృష్టించిన హ్యూగో సంఘముతో చేరి నడచినవాడు కాడు. దేవుని నమ్మెదను గాని ఏ సంఘపువారును నా సమాధి యొద్ద ప్రార్థన చేయనక్కరలేదని వ్రాసిపెట్టి 1885లో చనిపోయెను. అటువంటివాడు లోకమునకు ఒక ఆదర్శ పాదిరిని ఇచ్చెను. తాను చూచిన పాదిరులలో కనబడనిదానిని వ్రాసెనో, ఎక్కడనో ఒక్కనియందు కనబడినదానిని వ్రాసెనో, ఏదైనను అది మనకు హెచ్చరికయే. వెలుపల నిలిచినవారు మన గుమ్మము వైపు చూచుచున్నారు. అక్కడ ఎట్టివాడు నిలువవలెనో వారికి మనకంటె స్పష్టముగా తెలియును.

కడపట మన యువజనులకు ఒక మాట. ఈ క్రిస్మసుకు గాని పంటల పండుగకు గాని మీరు ఈ కథను ఆడదలచినయెడల, ఆడుడి. లండనులోని తెరలు, వాద్యములు మనకు అక్కరలేదు. అడ్డుకట్టలు, తుపాకులు, మురికి కాలువలు అన్నియు విడిచిపెట్టవచ్చును. మూడు ఘట్టములు మాత్రము విడువవద్దు. మొదటిది, బిషప్పుగారు తన పెద్ద ఇంటిని రోగులకిచ్చి చిన్న ఇంటికి మారుట. దానికి ఒక మంచము, ఒక మూట చాలును. రెండవది, సెమ్మెలిచ్చుట. మూడవది, బాలుని నాణెము. దానికి ఒక పిల్లవాడు, ఒక రూపాయి చాలును. సెమ్మెలు వెండివి కానక్కరలేదు. ఎవరి ఇంటిలోనైన రెండు ఇత్తడి సెమ్మెలు దొరకును. అయితే అవి ఎరువు తెచ్చునప్పుడు, ఇచ్చిన అమ్మను నాటకము చూచుటకు ముందు వరుసలో కూర్చుండబెట్టుడి; ఆట ముగిసిన తరువాత అవి తుడిచి, ఆమె ఇంటికి చేర్చి రండి.